బడిగోడ మీది జపాను కోతులు

మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం పోయే దారిలో ఒకప్పుడు ఏ సర్కారు బడి గోడ చూసినా మూడు కోతులు కనిపించేవి. ఒకటి కళ్లు మూసుకుని, ఒకటి చెవులు మూసుకుని, ఒకటి నోరు మూసుకుని. కింద పెద్దక్షరాలతో చెడు చూడకు, చెడు వినకు, చెడు మాట్లాడకు అని. ఊళ్లో అందరూ వాటిని గాంధీ తాత కోతులనే అనేవాళ్లు. నిజానికి అవి జపాను కోతులు. వాటిలో కొన్నిటిని రాసింది నేనే. మదనపల్లె, పుంగనూరు, కుప్పం తాలూకాల హైస్కూళ్లలో డ్రాయింగు మాస్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మా రోజుల్లో డ్రాయింగు మాస్టరంటే సగం ఉద్యోగం క్లాసులో, సగం గోడ మీద.

ఇన్‌స్పెక్షన్ దగ్గర పడిందంటే హెడ్మాస్టరుకి గోడ గుర్తొచ్చేది. ‘అయ్యోరా, గోడ బోసిగా ఉండాది, ఏమన్నా రాయండి’ అనేవారు. సున్నం కొట్టిన గోడని గరుకు కాగితంతో రుద్ది, నీలిమందు పొడిలో ముంచిన నూలు దారాన్ని ఇద్దరు పిల్లల చేత చెరో కొసా పట్టించి, మధ్యలో లాగి వదిలితే గోడ మీద తిన్నటి నీలి గీత పడుతుంది. అలా నిలువూ అడ్డం గీతలు కొట్టి గళ్లు చేసుకోవాలి. చేతిలో ఉన్న చిన్న పటం మీద పెన్సిలుతో అర అంగుళం గళ్లు, గోడ మీద ఆరంగుళాల గళ్లు. ఈ గడిలో ఏముందో ఆ గడిలోకి దించడమే పని. కోతి ముఖం ఎవరైనా దించుతారు. ముఖాన్ని కప్పిన చెయ్యి దించడమే కష్టం. వేళ్ల వెనక కన్ను ఉందని తెలియాలి, కన్ను మాత్రం కనబడకూడదు.

తోక సంగతి ఒకటి చెప్పాలి. జపాను కోతికి ముఖం ఎర్రగా ఉంటుంది, తోక బెత్తెడు. మా గోడల మీది కోతులకి తోక బారెడు. మా హార్సిలీ కొండల మీద, గుడి చెట్ల మీద మేం చూసిన కోతి అది మరి. పటంలో తోక కనబడకపోతే డ్రాయింగు మాస్టరు తన ఊరి తోక తగిలించేవాడు. ఒకరి గోడ చూసి ఇంకొకరు రాసేవారు కాబట్టి ఆ తోక బడి నుంచి బడికి పాకింది. నకలు అనేది యంత్రం పని కాదనడానికి నాకు అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఈ కోతుల్లో లోకానికంతటికీ తెలిసినవి జపానులో నిక్కో అనే కొండ ఊళ్లో ఒక మందిరంలో ఉన్నాయి. దేశాన్ని ఏలిన తొకుగావా ఇయెయాసు సమాధి మందిరం అది. మనవడు ఇయెమిత్సు 1636లో దాన్ని ఇప్పుడున్న రూపంలో మళ్లీ కట్టించాడు. అందులో దేవుడి గుర్రానికి ఒక లాయం ఉంది. గుర్రాలకి కోతులు కాపలా అని అక్కడివాళ్ల నమ్మకం. అందుకే లాయం నుదుటి చెక్కల మీద కోతులు చెక్కారు. ఎనిమిది పలకలు, పదహారు కోతులు. పుట్టుక మొదలు మనిషి బతుకంతా వరసగా ఉంటుంది. తల్లి కోతి బిడ్డ ముఖంలోకి చూస్తూ వాడి భవిష్యత్తును ఆలోచించడం మొదటి పలక. మన మూడు కోతులూ రెండో పలక, అంటే బాల్యం. చిన్నతనంలో చెడ్డ చూపు, చెడ్డ మాట పడకుండా చూసుకోమని. తెలిసి ఎంచుకున్నారో తెలియకో గానీ, బడిగోడకి ఆ పలకే తగింది.

అయితే ఆ కోతులు జనంలోకి పోయింది లాయం చెక్క మీద నుంచి కాదు, కాగితం మీద. జపానులో కోషిన్ అని ఒక జాగారం ఉండేది. అరవై రోజులకొకసారి వచ్చే రాత్రి అది. మనిషి ఒంట్లో మూడు పురుగులుంటాయట. ఆ రాత్రి మనిషి నిద్రపోగానే అవి పైకి పోయి, వీడు చేసిన పాపాలన్నీ దేవుడికి చేరవేస్తాయట. అందుకని వాడవాడంతా ఒకచోట చేరి, తిని, తాగి, కబుర్లు చెప్పుకుంటూ తెల్లవార్లూ మేలుకునేవాళ్లు. పాపం చేయడం మానలేం గాని, చాడీ చెప్పేవాణ్ణి ఆపగలం అన్నమాట. మన చిత్రగుప్తుడికి ఇంత తేలిక ఉపాయం మనవాళ్లకి తట్టలేదు. ఆ జాగారం రాత్రి గోడకి నీలి ముఖం దేవుడి పటం తగిలించేవారు. చెక్క అచ్చుతో అద్దినదో, చేత్తో రాసినదో. ఆ దేవుడి కాళ్ల దగ్గర మూడు కోతులు కూచుని ఉండేవి.

ఈ పటాలు రాసి అమ్మిన ఊరు ఓత్సు. క్యోటో రాజధాని దాటగానే, ఎదో (ఇప్పటి టోక్యో) పోయే తొకాయిదో రహదారి పక్కన ఉండే ఊరు. పదిహేడో శతాబ్దం నుంచి అక్కడ ఇంటింటా ఇదే వృత్తి. ముతక కాగితం మీద మట్టిరంగు పూత పూసి, నల్ల గీత గీసి, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ లాంటి నాలుగైదు రంగులు నింపేవాళ్లు. కొన్ని భాగాలకి కత్తిరించిన అట్ట, కొన్నిటికి చెక్క అచ్చు వాడుకునేవాళ్లు. మిగతాదంతా చేతి వేగం. ఇంటిల్లిపాదీ కూచుని రాసేవాళ్లు. సంతకం ఉండేది కాదు. బాటసారి చిల్లర ఇచ్చి, చుట్ట చుట్టుకుని పోయేవాడు. మొదట్లో బుద్ధుడి పటాలూ దేవతల పటాలూ అమ్మారు. రానురాను లోకరీతి బొమ్మలు మొదలయ్యాయి, వాటి పక్కన నీతి పద్యాలు చేరాయి. అందులో పేరు మోసింది రాక్షసుడి బొమ్మ. కొమ్ములూ కోరలూ అలాగే ఉంటాయి. ఒంటి మీద మాత్రం సన్యాసి బట్ట, చేతిలో గంట కొట్టే సుత్తి, చందాల పుస్తకం, వీపున గొడుగు. వేషం మారింది, మనసు మారలేదని దాని అర్థం. మా మదనపల్లెకి వాయవ్యాన కదిరి దగ్గర కటారుపల్లెలో వేమన సమాధి ఉంది. ఆయనకి ఈ బొమ్మ చూపించి ఉంటే రెండు కొనేవాడు.

జపానువాళ్లు ఆ రాక్షసుడి పటాన్నే రాత్రిళ్లు ఏడ్చే పసిపిల్లలకి మందుగా కూడా తగిలించుకున్నారు. నీతి బొమ్మ జనం చేతికి పోయాక జనం దానికి ఏ పని చెప్తారో రాసినవాడికి తెలియదు. మా కోతుల కిందా పిల్లలు టీచర్ల పేర్లు రాసేవాళ్లు.

సర్కారు నీతి చెప్పించాలనుకోవడం కూడా అక్కడ జరిగింది. 1840ల మొదట్లో ఎదో ప్రభుత్వం ఖర్చులూ విలాసాలూ ఎక్కువైపోయాయని సంస్కరణలు పెట్టింది. నాటకాల నటుల బొమ్మలూ వేశ్యల బొమ్మలూ అచ్చు వేయకూడదు, ప్రభుభక్తి, మాతాపితృభక్తి నేర్పే బొమ్మలే వేయాలని 1842లో హుకుం. అప్పుడు కునియోషి లాంటి పెద్ద చిత్రకారులు కూడా ఇరవై నలుగురు పితృభక్తుల వరస బొమ్మలు వేశారు. అందులో ఒక కుర్రవాడున్నాడు. అమ్మానాన్నలకి కళ్ల జబ్బు. జింకపాలు తాగితే నయమవుతుందని, వాడు జింకతోలు కప్పుకుని మందలో దూరుతాడు. వేటగాడు జింకే అనుకుని బాణం ఎక్కుపెడతాడు. ఈ కథ మనకి కొత్తా? బౌద్ధ జాతకాల్లో శ్యాముడు, మన రామాయణంలో శ్రవణకుమారుడు. మనవాడు బాణానికి చచ్చిపోయాడు, వాళ్లవాడు కేక వేసి బతికిపోయాడు, అంతే తేడా. ఇంత చేసి ఆ కునియోషి ఊరుకున్నాడా అంటే లేదు. 1848 ప్రాంతంలో ఓత్సు బొమ్మలు ప్రాణం పోసుకుని కాగితంలోంచి బయటికి దూకుతున్నట్టు ఒక అచ్చు వేశాడు. ఆ రాక్షసుడికీ మిగతా బొమ్మలకీ నిషేధంలో ఉన్న నటుల ముఖాలే పెట్టాడు. హుకుం మీద రాసిన నీతికి ఆయుష్షు ఎంతో చిత్రకారుడికి ఎప్పుడూ తెలుసు.

మన పక్క చూద్దాం. బొమ్మతో నీతి చెప్పడం మనకి జపాను నేర్పనక్కర్లేదు. ముద్రారాక్షసం నాటకం మొదటి అంకంలోనే చాణక్యుడి గూఢచారి యమపటం పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతాడు. యముడి కొలువు, సలసల కాగే నూనె కొప్పెర, ముళ్ల చెట్టు, ఏ పాపానికి ఏ శిక్షో చూపించి బిచ్చమెత్తుకోవడం ఆనాటికే ఒక వృత్తి. పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతరలో నా చిన్నప్పుడు అచ్చుకొట్టిన యమలోకం పటం అమ్మేవాళ్లు. అబద్ధం చెప్పినవాడి నాలుక పట్టకారుతో లాగుతున్న బొమ్మ చూసి అన్నం సయించేది కాదు. మూడు కోతులు నాకు ఎప్పుడూ అంత భయం పెట్టలేదు.

లేపాక్షి వీరభద్రాలయం మండపం పైకప్పులో విజయనగరం వాళ్ల కాలంలో రాసిన మనునీతి చోళుడి కథ ఉంది. రాజకుమారుడి రథం కింద పడి దూడ చచ్చిపోతే, తల్లి ఆవు వచ్చి కొలువు ముందరి ధర్మగంట కొట్టింది. రాజు సొంత కొడుకుని రథం కింద తొక్కించాడు. తలెత్తి ఆ బొమ్మ చూడాలంటే మెడ నొప్పెడుతుంది, నొప్పెట్టినా చూస్తాం. మా మదనపల్లెకి ఇంకా దగ్గర సోంపల్లె చెన్నకేశవ స్వామి గుడిలో కూడా ఆ కాలపు రంగుల బొమ్మలున్నాయి. లేపాక్షికి పోయే బస్సులు అక్కడ ఆగవు, అదే బాధ.

గుడి పైకప్పు మీది బొమ్మ గుడి దగ్గరే ఉంటుంది. ఊరూరికీ పోయింది గుడ్డ. మా పాత చిత్తూరు జిల్లాలోనే కాళహస్తి. అక్కడి వ్రాతపనినే ఇప్పుడు లోకం కలంకారీ అంటోంది. బందరులో చెక్క అచ్చు, కాళహస్తిలో కలం. నేను కాళహస్తిలో ఆ పని దగ్గర కూచుని చూశాను. నేత గుడ్డని కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఎండబెడతారు. పాలకొవ్వు వల్ల రంగు పాకదు. చింతబరికెని కాల్చిన బొగ్గుతో బొమ్మ గీస్తారు. కలమంటే వెదురుపుల్ల. కొసకి కొంచెం పైన ఉన్నినో పాత గుడ్డనో ఉండలా చుట్టి దారంతో బిగిస్తారు. ఆ ఉండ కసిమిని తాగుతుంది, వేలితో ఒత్తిన కొద్దీ కొసకి దిగుతుంది. కసిమి అంటే తుప్పు పట్టిన ఇనుమూ బెల్లమూ నీళ్లలో వేసి వారాల తరబడి పులియబెట్టిన నీరు. కుండ దగ్గరికి పోతే ముక్కు మూసుకోవాలి. కలంలోంచి దిగేటప్పుడు అది పలచగా ఉంటుంది, కరక్కాయ పట్టిన గుడ్డకి తగలగానే కళ్లెదుటే నల్లబడుతుంది. ఎర్రటి రంగు రావలసిన చోట పటిక నీళ్లు రాస్తారు. అప్పుడేమీ కనబడదు. చిరువేరు వేసి ఉడికించాకే పటిక పడ్డ చోటల్లా ఎరుపు లేస్తుంది. పసుపుకి కరక్కాయ పువ్వు, నీలానికి నీలిమందు. మధ్యమధ్య స్వర్ణముఖి పారే నీళ్లలో ఉతుకు. మధ్యన పెద్ద దేవుడు, చుట్టూ వరసలు వరసలుగా కథ, ప్రతి వరస మీదా తెలుగులో ఏం జరుగుతోందో రాత. బొమ్మ, దాని కింద మాట. మా బడిగోడ తీరే.

అక్కడా నకలే. తాత గీసిన రామ పట్టాభిషేకాన్నే మనవడు గీస్తాడు. 1880 ప్రాంతంలో పంచకళ్ల పెద్ద సుబ్బరాయుడు రాసిన రామాయణం గుడ్డ ఒకటి లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ఆ తర్వాత రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన ప్రెస్సు నుంచి అచ్చు పటాలు ఇళ్లలోకి వచ్చాయి, రాత గుడ్డ అడిగేవాళ్లు తగ్గిపోయారు. వృత్తి దాదాపు ఆరిపోతుండగా కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో 1957లో కాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టారు. జొన్నలగడ్డ లక్ష్మయ్య గురువు. ఆయన కుమారుడు గురప్ప శెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఇవాళ ఆ చేతులు ఎక్కువగా చీరల మీద పనిచేస్తున్నాయి. బతుకుదెరువు కాబట్టి తప్పనను. కానీ చీర కొంగు మీద శ్రవణకుమారుడు ఉన్నా కథ చెప్పేవాళ్లుండరు.

జపానుకీ మన గుడ్డకీ సంబంధం కూడా పాతదే. 1606 నుంచి డచ్చివాళ్లు మచిలీపట్నంలో కోఠీ పెట్టి కోస్తా రంగుల గుడ్డ కొన్నారు. జపాను తలుపులు మూసుకున్నాక, యూరపు వాళ్లలో నాగసాకికి పోగలిగింది వాళ్లే. అక్కడ మన గుడ్డని సరస అన్నారు. బంగారంలా చూసుకున్నారు. గజాలతో బట్టలు కుట్టుకునే స్తోమత కొద్దిమందికే. మిగతావాళ్లు జానెడు ముక్కలతో టీ డబ్బాలకి సంచులు, పొగాకు తిత్తులు కుట్టుకున్నారు. సరుకు చాలక తామే తయారు చేసుకోవడానికి 1778లో ఏకంగా సరస మీద చేతిపుస్తకం అచ్చు వేశారు. కత్తిరించిన అట్టలతో, కుంచెలతో మన పువ్వుల్ని నకలు తీశారు. ఆ పువ్వులు జపాను పువ్వులైపోయాయి, మా కోతులకి తోక మొలిచినట్టే.

నకలు మళ్లీ ఇటు కూడా వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మన దుకాణాల్లో అమ్మిన అగ్గిపెట్టెలు చాలావరకు జపాను సరుకే. వాటి మీద కృష్ణుడు, లక్ష్మి. రవివర్మ పటాలు చూసి అక్కడివాళ్లు దించిన బొమ్మలు. మన దేవుళ్లని ఎన్నడూ కొలవని చేతులు రాసినా, పల్లెల్లో ఆ పెట్టె మీది కాగితాన్ని చించి దేవుడి గూట్లో అతికించుకున్నారు.

మదనపల్లెకి జపానుతో నేరుగా ఉన్న లంకె వేరు. అనీబిసెంటు 1915లో ఇక్కడ దివ్యజ్ఞాన కళాశాల పెట్టింది. ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్ అక్కడికి పాఠం చెప్పడానికి వచ్చి ప్రిన్సిపాలు అయ్యాడు. 1919 ఫిబ్రవరిలో ఠాగూర్ ఆయన అతిథిగా వచ్చి, జనగణమనని ఇక్కడే ఇంగ్లీషులోకి తెచ్చాడు. కజిన్స్ భార్య మార్గరెట్ ఆ పాటకి స్వరాలు రాసింది. ఇది మా ఊళ్లో పసిపిల్లలకీ తెలుసు. అదే సంవత్సరం కజిన్స్ టోక్యోలోని కెయో విశ్వవిద్యాలయానికి ఇంగ్లీషు కవిత్వం చెప్పడానికి పోయిన సంగతి చాలామందికి తెలియదు. పిలిచినవాడు కవి యోనె నొగుచి. హిరోషిగే చెక్క అచ్చుల మీద 1921లో ఇంగ్లీషులో పుస్తకం రాసినవాడు. కజిన్స్ తిరిగొచ్చి జపాను మీద రాసిన పుస్తకం 1923లో మద్రాసులో అచ్చయింది. తర్వాత ఆయన తిరువాన్కూరు మహారాజుకి కళా సలహాదారుగా 1935లో తెరిపించిన చిత్రాలయంలో రవివర్మ పటాలతో పాటు జపాను, చైనా బొమ్మలకీ చోటిచ్చారు. మదనపల్లెలో అలాంటిది ఒక్క గది కూడా మిగల్లేదు. దక్షిణాదికి బొమ్మలు చూడటం నేర్పిన మనిషి పాఠాలు చెప్పిన ఊళ్లో డ్రాయింగు మాస్టర్లకి నకలుకి దొరికే జపాను బొమ్మ అంటే మూడు కోతులొక్కటే.

గాంధీగారి దగ్గర ఆ కోతుల చిన్న బొమ్మ ఒకటి ఉండేది. చైనా నుంచి వచ్చిన అతిథులిచ్చారని చెప్తారు. ఉన్న కాసిని వస్తువుల్లో దాన్ని ఆయన వదల్లేదు. స్వాతంత్ర్యం వచ్చాక కోతులు మన బడుల్లోకి వచ్చింది ఆ దారినే. విచిత్రమేమిటంటే, ఒకరు చెప్పింది నమ్మి నడవకండి, మీరే చూసి తెలుసుకోండని జీవితమంతా చెప్పిన జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టింది మదనపల్లెలోనే. ఆ ఊళ్లోనే మేం చూడకు, వినకు, మాట్లాడకు అని గోడలన్నీ నింపాం. అందులో సబబు లేకపోలేదని ఇప్పుడనిపిస్తుంది. కళ్లు మూసుకున్న కోతి చిన్నపిల్లలకి మంచిదే. పదో తరగతి వాడికి చెడు చూడకు అని చెప్పడం కంటే చూసి గుర్తుపట్టు అని చెప్పడం మేలు.

కుప్పం బడిలో ఇంట్లో తమిళం మాట్లాడే ఒక పిల్లవాడు గోడ చూసి అడిగాడు: ‘అయ్యోరా, చేత్తో చెడ్డ పని చేయొద్దని చెప్పే కోతి లేదా?’ ఉంది. జపానులో అక్కడక్కడా నాలుగో కోతి కూడా కనబడుతుంది. చేతులు కట్టుకుని కూచుంటుంది. మా గోడల మీదికి అది రాలేదు. గళ్లు సరిపోక కాదు, మాకు దొరికిన పటంలో మూడే ఉన్నాయి.

ఇప్పుడు బడిగోడలు బాగుపడ్డాయి. నాడు–నేడు పథకం వచ్చాక కొత్త సున్నాలు, కొత్త రంగులు, టైల్సు. మంచిదే, వానకి కారే గదిలో పాఠం చెప్పినవాడిగా నేను కాదనను. గోడరాతలకి ఫ్లెక్సీలూ స్టిక్కర్లూ వచ్చాయి. వాటిలో కోతుల తోక ఎక్కడ చూసినా ఒకే కొలత. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మండలాల్లో పాత బడి ఎక్కడైనా మిగిలి, దాని గోడ మీద బారెడు తోక కోతులు ఇంకా కనిపిస్తే, సున్నం కొట్టించే ముందు ఒక్క ఫొటో తీయండి. ఏ ఊరి బడి, ఏ సంవత్సరం, రాసిన అయ్యవారు ఎవరు అని ఊళ్లో పెద్దవాళ్లని అడిగి వెనక రాసిపెట్టండి. ఇంట్లో అటక మీద కాళహస్తి గుడ్డ ఉంటే దాన్ని చెదల పాలు చేయకండి, మడతలు మార్చి నీడలో ఉంచండి, మీద ఉన్న తెలుగు రాతని పిల్లల చేత చదివించండి. సోంపల్లెకి మాత్రం పగటిపూట పోండి. వెలుతురు లేకపోతే పైకప్పు బొమ్మలు కనబడవు.